ప్రార్థన అంశం: జెస్సికా

మా చర్చిలో ఒక సంగతి ఊరంతా పాకాలంటే దాన్ని రహస్యమని చెప్పాల్సిన పని లేదు. ప్రార్థన అంశమని చెబితే చాలు. "ఫలానా వాళ్లబ్బాయి తాగి పడిపోతున్నాడంట" అంటే చాడీ. "ఫలానా వాళ్లబ్బాయి తాగి పడిపోతున్నాడు, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అంటే భక్తి. మాట ఒకటే, తలమీద కొంగు కప్పుకోవడమే తేడా. ఒళ్లు మండి చెబుతున్నాను, కాదనను. జరిగింది వింటే మీకూ మండుతుంది.

నా పేరు సుందరి. ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారం సాయంత్రం చర్చి వెనక గదిలో యూత్ క్లాసు నడుపుతాను. అంతా ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. ఆ వయసు వాళ్లను చర్చిలో ఎవరూ పట్టించుకోరు. సండే స్కూల్లో కథలు వినే వయసు దాటిపోయింది, పెద్దల ఆరాధనలో కూర్చుంటే ఆవలింతలు. వాళ్లకు పాటలు నేర్పమన్నా, వాక్యాలు కంఠతా పట్టించమన్నా ఎవరైనా చేస్తారు. వాళ్లు అడిగేది ఓపిగ్గా వినమంటేనే ఒక్కరూ ముందుకు రారు.

వినడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మా గదిలో రంగు వెలిసిన పాత జంపకానా ఒకటుంది. పాఠం అయిపోయాక దాన్ని కడప బండల మీద పరిచి అందరం గుండ్రంగా కూర్చుంటాం. మనసులో ఉన్నది ఎవరైనా చెప్పొచ్చు, ఏదైనా అడగొచ్చు. నియమం ఒక్కటే. జంపకానా మీద చెప్పిన మాట గడప దాటకూడదు. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత మార్కుల గురించి, క్రికెట్టు గురించి మొదలుపెట్టి మెల్లగా ఇళ్లలోకి వచ్చారు. ఎవరి నాన్న బెల్టు తీస్తాడో, ఎవరమ్మ స్నానాల గదిలో ఏడుస్తుందో అన్నీ నాకు తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఎగతాళి చేస్తాడు గానీ ఆ మాటలు మాత్రం ఆయనకు కూడా చెప్పలేదు.

గదిలో నాతోపాటు ఉండే పెద్దమనిషి ఇంకొకరే, వనజమ్మ. సంఘపెద్ద భార్య, స్త్రీల మైత్రికి ప్రెసిడెంటు. ఆమె చిన్నకొడుకు మా క్లాసులోనే ఉన్నాడు. వారం వారం పిల్లలకు బొరుగులతో ఉగ్గాని చేసి మోసుకొస్తుంది. ఆమె చేతిని తప్పుపడితే కళ్లు పోతాయి. నోటి సంగతి మాత్రం వేరు.

జెస్సికా తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్న జయప్రకాష్ బస్సు డిపోలో మెకానిక్కు. సొంతూరు జమ్మలమడుగు, తాతల కాలం నుంచి మిషను కుటుంబం. ఆ పిల్లను పెంచింది వాళ్ల జేజి, అంటే నాన్నకు తల్లి. ఆమెకు కడుపులో గడ్డ లేచింది. చర్చి అంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. అంతవరకు మంచిదే. వనజమ్మ అక్కడితో ఆగలేదు. జెస్సికాను పక్కకు పిలిచి, "నీయట్లా బిడ్డలు అడిగితే దేవుడు కాదనడు మే. అనుమానం లేకుండా అడుగు. మీ జేజి లేచి నడుస్తాది సూడు" అని చెప్పింది. పిల్ల అన్నం మానేసి మరీ అడిగింది. ఎండాకాలం సెలవుల్లో జేజి పోయింది.

బడులు తెరిచాక ఒక ఆదివారం, జంపకానా అంచు పోగులు పీకుతూ జెస్సికా నోరు తెరిచింది.

"అక్కా, జేజి సచ్చిపోయింది నా విశ్వాసం సాలకనేనా?"

పీకిన పోగును వేలికి చుట్టుకుంది.

"శానా గట్టిగా అడిగినా అక్కా. ఇంగెంత గట్టిగా అడగాల? నాది సాలకపోయింటే జేజిని సంపింది నేనే. సాలింటే, మరి పైన ఇనేటోడు ఎవురన్నా ఉండాడా? నాకైతే ఉండాడని అనిపిచ్చడం ల్యా."

"నువ్వు సంపలేదు. ఆ మాట ఎవురన్నా నేనొప్పుకోను" అన్నాను. "రెండోదానికి నాకాడ తయారుగా జవాబు లేదు మే. బైబిలు నిండా నీ మాదిరి అడిగినోల్లే. అడిగినారని ఎవుర్నీ బయటికి నూకలేదు. నువ్వు అడుగుతా ఉండు, మేం ఇనుకుంటా ఉంటాం."

పక్కనున్న అమూల్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. సమాధి దగ్గర కూడా కళ్లు తడి చేసుకోని పిల్ల ఆ సాయంత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకుని తింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వనజమ్మ కూడా అన్నీ వింది. నియమం ఆమెకూ తెలుసు గదా అనుకున్నాను.

మంగళవారం ఎవరింట్లోనో స్త్రీల మైత్రి ప్రార్థన. బుధవారం పొద్దున పులివెందుల నుంచి మా ఆడబిడ్డ హేమలత ఫోను.

"ఏం సుందరీ, మీ క్లాసులో పిల్లొకతి దేవుడే లేడంటాందంట? వాట్సాప్‌లో వచ్చింది. ఈడ మేం గూడా ప్రార్థన పెట్టినాం. పేరు జెస్సికానే కదా?"

పేరుతో సహా! ఫోను పెట్టేసి పెరట్లోకి పోతే గోడ అవతల నుంచి పక్కింటి గులాబ్‌బీ తొంగిచూసింది. "టీచరమ్మా, మీ గుడి పిల్లకు ఏందో గాలి సోకిందంట కదా, పాపం. నేను గూడా దువా చేస్తాలే" అంది. వనజమ్మ నోట్లో బయల్దేరిన అనుమానం మా పెరటిగోడ దగ్గరికొచ్చేసరికి దయ్యమైంది. గులాబ్‌బీని ఏమనను? ఆమె నిజంగానే జాలిపడింది.

నేరుగా వనజమ్మ ఇంటికి పోయాను. ఆమె చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది కూడా.

"జంపకానా మీద మాట పులివెందుల దాకా ఎట్ల పోయిందక్కా?"

"నేనేమన్నా సాడీలు సెప్పినానా? బిడ్డ ఆత్మ నాశనమైపోతాంటే మోకాళ్లూనినా. ప్రార్థనంటే నీకంత మంటేంది?"

"ప్రార్థన దేవునికి చెప్పాల. పులివెందులకు కాదు."

ఆమె చేట పక్కన పెట్టింది. "నీ మాదిరి వాళ్లు జవాబు లేదు జవాబు లేదంటాంటేనే పిల్లోల్లు ఇట్లయితాండేది. ఆదివారం ఆ బిడ్డ సంఘం ముందర నిలబడి సాక్ష్యం చెప్తాది, అనుమానం పోయిందని. అయ్యగారు సరేనన్నాడు. వాళ్ల నాయనా సరేనన్నాడు. ఇంగ నువ్వు మధ్యలో దూరాకు."

దూరొద్దంటే ఆగే మనిషినా నేను? మా పాస్టరు ప్రభుదాస్ అయ్యగారి దగ్గరికి పోయాను. మెత్తని మనిషి, ఎవరేది చెప్పినా తలూపుతాడు. "అందరూ సంతోషపడతారు కదమ్మా" అన్నాడు. ఆ పిల్ల సంతోషం మాటేమిటయ్యా అంటే దానికి కూడా తలూపాడు.

సాయంత్రం జయప్రకాష్ ఇంటికి పోయాను. మనిషి డిపో నుంచి వచ్చి, గ్రీజు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడి ఉన్నాడు.

"నన్నేం చేయమంటావు మేడం? డిపోలో అడుగుతాండారు. జమ్మలమడుగు నుంచి మా చిన్నాయన ఫోను చేసి, మన వంశంలో యాడన్నా ఉండాదా ఇట్లాంటిదని నోటికొచ్చినట్ల తిట్టినాడు. ఒక్క మాట చెప్పేస్తే పోతాది కదా."

అమ్మను పోగొట్టుకున్న మనిషిని ఏమని కసరను? లోపలికి పోయాను. జెస్సికా మంచం మీద కూర్చుని, కంఠతా వాక్యం అప్పజెప్పేటప్పటిలాగే ముందుకూ వెనక్కీ ఊగుతోంది. "సైతాను నా మనసులో అనుమానము పెట్టెను. నేను పశ్చాత్తాపపడుచున్నాను. ఇప్పుడు నాకు ఏ అనుమానమును లేదు." వనజమ్మ వచ్చి నేర్పిపోయిందట. నన్ను చూసి ఊగడం ఆపింది.

"తప్పుల్లేకుండా వచ్చిందా అక్కా?"

నేను పోయి మంచం అంచున కూర్చున్నాను.

"అబద్ధమాడగూడదని నువ్వే చెప్పినావు కదా" అంది. "గుడిలో మైకులో ఆడితే పరవాలేదా?"

ఎగతాళి కాదు, నిజంగా అడిగింది. ఇంటికొచ్చి గిన్నెలు విసిరికొడుతుంటే మా ఆయన వంటింటి దరిదాపులకు రాలేదు. ఒక ముసలామె చనిపోయింది. ఆమెను ప్రాణంగా చూసుకున్న పిల్ల ఏడ్చి, ఎందుకని అడిగింది. అంతే జరిగింది! దానికి సైతాను ఎందుకు, సాక్ష్యమెందుకు, మైకెందుకు? తప్పు మాట చెప్పి పిల్ల నెత్తిన బండ పెట్టింది వనజమ్మ. పశ్చాత్తాపం మాత్రం పిల్ల పడాలట.

ఆదివారం ఆరాధనలో ప్రకటనలు అయ్యాక ప్రార్థన అంశాలు చెప్పే సమయమొచ్చింది. ఎవరైనా లేచి చెప్పొచ్చు, అది మా ఆచారం. జెస్సికా తెల్ల చున్నీ కప్పుకుని ముందు వరుసలో కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి, వల్లె వేసుకుంటోంది. అయ్యగారు "బిడ్డా జెస్సికా" అని పిలవగానే పిల్ల లేచింది. ఆమె నోరు తెరవకముందే నా కాళ్లు లేచాయి.

"అయ్యగారూ, ముందు నా ప్రార్థన అంశాలు ఉండాయి."

ఆయన తలూపాడు. అలవాటు కదా.

"నేను మీ పిల్లోల్లకు క్లాసు మొదలుపెట్టి శానా కాలమాయె" అన్నాను. "మీ ఇండ్లలో ఏం జరుగుతాందో, రాత్రిపూట ఎవురు ఎవురి మీద చెయ్యెత్తుతాండారో, ఎవురు యాడ దాచిపెట్టుకోని తాగుతాండారో, పిల్లోల్లు అన్నీ నాకు చెప్పినారు. ఈ బిడ్డ అడిగిన ఒక్క మాటకు మూడూర్లు ప్రార్థన చేసినాయి. మీ ఇండ్ల కోసం ఎవురు చేయాల? ఒక్కొక్క ఇంటి పేరు చెప్పి మొదలుపెడదామా? పెద్దల ఇండ్ల నుంచి మొదలుపెడదామా?"

తేలు కుట్టిన దొంగలు ఎలా ఉంటారో ఆరోజు కళ్లారా చూశాను. సంఘపెద్ద తన చెప్పుల్లేని కాళ్లకేసి చూసుకుంటున్నాడు. వనజమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. మగపిల్లల బెంచీలో ఆమె చిన్నకొడుకు ముఖం పాలిపోయి నన్నే చూస్తున్నాడు. చూశాను గానీ ఆ కోపంలో నాకు పట్టలేదు.

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "మనం... మౌనంగా ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరికంటే ముందు ఆయనే కళ్లు మూసుకున్నాడు. జెస్సికా కాసేపు అలాగే నిలబడి, తర్వాత కూర్చుంది. ఆమెను మళ్లీ ఎవరూ లేవమనలేదు.

బయట వనజమ్మ నా దారికి అడ్డమొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పిల్లోల్ల నోట్లో మాటలు తీసి మా గొంతు మీద పెడతావా?" అంది.

"మీరు నేర్పిందే అక్కా" అని స్కూటీ స్టార్ట్ చేశాను. గాంధీ రోడ్డంతా నాకు గాల్లో తేలినట్టుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇప్పటికైనా తెలిసిందా అని ఇంటిదాకా నవ్వుకుంటూ పోయాను.

ఆ సాయంత్రం క్లాసు పెట్టలేదు. తర్వాతి ఆదివారం గది తెరిచి, జంపకానా పరిచి కూర్చున్నాను. చాలాసేపటికి నలుగురైదుగురు వచ్చారు. మిగతా వాళ్లను ఇళ్లలో పంపలేదు. ఉగ్గాని లేదు, వనజమ్మ లేదు, ఆమె కొడుకు లేడు. కిందటి ఆదివారం వాడిని చర్చి నుంచి ఇంటికి తీసుకుపోయి, నాతో ఏమేం చెప్పాడో చెప్పమని వాళ్ల నాన్న బెల్టు తీశాడని అమూల్య చెప్పింది. చెప్పి, చెప్పినందుకు నాలుక కరుచుకుంది.

వచ్చినవాళ్లు కూడా జంపకానా మీద కూర్చోలేదు. దాని చుట్టూ బండల మీద కూర్చున్నారు. రండి అంటే, "ఈడ సల్లగా ఉండాదక్కా" అన్నారు. మధ్యలో నేనొక్కదాన్నే.

జెస్సికా చివరగా వచ్చింది. ఆమె కూడా బండల మీదే కూర్చుంది, మోకాళ్లు కావలించుకుని.

"అక్కా, ఆ పొద్దు అయ్యగారు ఊఁ అనింటే నువ్వు చెప్పేసేదానివా?"

చచ్చినా చెప్పను అనే మాట నాలుక చివరదాకా వచ్చింది. అదే చెబితే అందరికీ బాగుండేది. కానీ ఆ పిల్ల చేత అబద్ధం చెప్పించొద్దనే గదా అంత రభస చేశాను. ఆ నిమిషంలో వనజమ్మ కొడుకు జంపకానా మీద చెప్పిన మాట నా పెదాల మీదనే ఉంది. నాకు తెలుసు. వాడి ముఖం చూస్తే వాడికీ తెలిసింది.

"తెలీదు మే" అన్నాను. "నోటిదాకా వచ్చింది."

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నాకు ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది. వనజమ్మ మీద కోపం రవ్వంత కూడా తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. దాని పక్కనే నా మీద కోపం కూడా వచ్చి కూర్చుంది.

జెస్సికా మోకాళ్ల మీద నుంచి గడ్డం ఎత్తింది.

"నేనడిగినదానికి ఎవురూ తెలీదని చెప్పరు" అంది. "నువ్వే రెండుతూర్లు చెప్పినావు."

"ఇంగ ఎప్పుడూ అట్ల చేయను. ముందు పొయ్యి ఆ పిల్లోనికి తప్పయిందని మొక్కుకోవాల, వాళ్లింట్లో రానిస్తే."

"రానీకపోతే?"

"వాకిట్లో నిలబడతా."

జెస్సికా కాళ్లు చాపి, జంపకానా అంచు మీదికి ఒక్క పాదం పెట్టింది. మిగతాది బండ మీదే ఉంచింది.

"నేనూ వస్తా పా" అంది. "నా ప్రశ్న మాత్రం ఇంగా అట్లనే ఉండాదక్కా."