రెక్కలబ్బాయి వాళ్ళమ్మ

చివర ఏమవుతుందో తెలిస్తేనే కాంతమణికి ఏ కథైనా మొదలుపెట్టే ధైర్యం వచ్చేది. సినిమాకు పోయేముందు చూసి వచ్చినవాళ్ళను పట్టుకుని ఎవరైనా చచ్చిపోతారా అని అడిగేది, పోతారంటే మానుకునేది. వారపత్రికల్లో సీరియళ్ళ జోలికి పోయేదే కాదు. వాటి చివరి పేజీ రాసినవాడి దగ్గరే ఉంటుంది, మనకు చూపించడు. భర్త యేసురాజు రైల్వేలో గార్డు. ఆయన డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా ఆమె మనసులో ఆ బండి ఏదో ఒక వంతెన మీద ఆగిపోయేది. ఇన్నేళ్ళలో ఆయనకు గోరు కూడా విరగలేదు. దానితో ఆమెకు నిబ్బరం రాకపోగా, రావలసిందంతా ఇంకా ముందే ఉందన్న భయం పట్టుకుంది.

తీరా వచ్చింది భర్తకు కాదు, కొడుకుకు. ఆగస్టు వానలో సంగీత్ చౌరస్తా దగ్గర సామ్యూల్ స్కూటర్ జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు, కాలు కింద మోపొద్దన్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒక మాటన్నాడు: "మనిషిని హుషారుగా ఉంచండమ్మా, ఎముక దానంతటదే అతుక్కుంటుంది." ఆయన మాటవరసకే అన్నాడు. కాంతమణి మాత్రం మందుల చీటీలో రాసినట్టే తీసుకుంది.

సామ్యూల్‌కు హుషారంటే ఒక్కటే. ఇరవై ఆరేళ్ళు వచ్చాయి, ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, ఆదివారం చర్చి క్వయరులో పాటలు. అయినా చిన్నప్పటి బొమ్మల పుస్తకాలు వదల్లేదు. అన్నీ ఇంగ్లీషువి. బిగుతు బట్టల మనుషులు ఆకాశంలో ఎగురుతూ కొట్టుకుంటూ ఉంటారు. మారేడ్‌పల్లిలో వాళ్ళుండే ఇంటికి ఓనరు అనసూయమ్మ చూడటానికి వచ్చి, మంచం నిండా ఆ పుస్తకాలుంటే ముక్కున వేలేసుకుంది.

"గింత పెద్దోడు బొమ్మలు సూసుడేంది కాంతమ్మా? జెర బైబిల్ గిట్ల సదువుమనరాదు?"

"అదీ చదువుతాడండీ," అంది కాంతమణి. "కాలికి ఇది మంచిదని డాక్టర్ చెప్పాడు."

పడకముందు సామ్యూల్ ఒక పెద్ద యుద్ధం మధ్యలో ఉన్నాడు. మామూలుగా ఒక్కో వీరుడికి ఒక్కో పుస్తకం, ఎవరి గొడవ వాళ్ళది. ఈసారి ఆ కంపెనీవాళ్ళు అందరినీ ఒకే కథలోకి లాగారు. అది ఒకరి పుస్తకంలో మొదలవుతుంది, సగంలో ఆగుతుంది, మిగతాది ఇంకొకరి పుస్తకంలో, ఆ తరువాతది మూడోవాళ్ళ దాంట్లో. మొత్తం ఎనిమిది భాగాలు.

"ఒక్క కథ కోసం ఎనిమిది పుస్తకాలు కొనాలా?"

"దీన్ని క్రాసోవర్ అంటరమ్మా."

"మా ఊళ్ళో వ్యాపారం అంటారు," అంది కాంతమణి. అని, సంచీ తీసుకుని బయల్దేరింది.

క్లాక్ టవర్ వెనక సందులో సోమయ్య పుస్తకాల షాపు. బొంబాయి నుంచి కొత్త కామిక్సు పదిహేను రోజులకోసారి అక్కడికే వచ్చేవి. కాంతమణి గుమ్మంలో తచ్చాడుతుంటే సోమయ్య పిల్లల పాటల పుస్తకాలు చూపించబోయాడు. కొడుకు పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"అరె, సామ్యూలన్న వాళ్ళమ్మనా! ఎట్లుంది కాలు? గంత తక్లీఫ్‌ల సుత ఫోన్ జేసిండమ్మా, నా రెండో పార్టు ఎవ్వరికియ్యకు అని."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరగ్గానే ఆమె మొదట చేసిన పని చివరి పేజీ తీయడం. నరసాపురం మిషన్ బడిలో ఎనిమిదో తరగతితో ఆగిన చదువు, ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. బొమ్మలకు ఆ బాధ లేదు. పెద్ద మేడమీద నుంచి ఒక అబ్బాయి కిందికి పడుతున్నాడు. వీపున బూడిదరంగు రెక్కలున్నాయి గానీ ఒకటి విరిగింది. అంతే, పుస్తకం అయిపోయింది.

"వాడు బతుకుతాడా?" ఇంట్లో అడుగు పెడుతూనే అడిగింది.

"ఎవరు, హెరానా? అప్పుడే చూసేసినవా? మిగిలింది మూడో పార్టులో ఉంటదమ్మా, ఐస్ గర్ల్ పుస్తకంలో."

"హెరాన్ అంటే?"

"కొంగ."

"కొంగ పేరేంట్రా, పులో సింహమో పెట్టుకోక!" అని వంటింట్లోకి పోయింది గానీ, ఆ పదిహేను రోజులూ ఆమె అన్నం వార్చినా, బట్టలు ఆరేసినా వాడు పడుతూనే ఉన్నాడు. మూడో భాగంలో మంచుపిల్ల వాడిని పట్టుకుంది. ఆ చివరి పేజీలో మళ్ళీ ఇంకొకరి మెడమీద కత్తి. చివరి పేజీ చూసి ధైర్యం తెచ్చుకునే మనిషికి, చివరి పేజీయే లేని పుస్తకాలు దొరికాయి. మానెయ్యడానికి లేదు, కొడుకు కాలు ముడిపడి ఉంది. నాలుగో భాగానికల్లా అందరికీ పేర్లు పెట్టేసింది: రెక్కలబ్బాయి, మంచుపిల్ల, పచ్చచొక్కా ఆయన. సామ్యూల్ తెలుగులో చెబుతుంటే మంచం పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. రెక్కలబ్బాయికి తల్లి ఒక్కతే ఉంది, విధవరాలు. కొడుకు రాత్రిళ్ళు ఎగిరే సంగతి ఆమెకు తెలియదు. ఏదో నైట్ డ్యూటీ అనుకుని, అన్నానికి మూతపెట్టి కూర్చుంటుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ పుస్తకం మొదలై నలభై ఏళ్ళయిందమ్మా."

"నలభై ఏళ్ళ నుంచీ మూతపెట్టుకుని కూర్చుందా!" కాంతమణి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

సెప్టెంబరు చివర ఎక్స్-రే తీశారు. ఎముక అతకలేదు. రెండు ముక్కల మధ్య నల్లటి గీత అలాగే ఉంది. నవంబరులో మళ్ళీ చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే కాలు మళ్ళీ కోసి, నడుము దగ్గర ఎముక కొంచెం తీసి అక్కడ పెట్టాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడు. ఆ రోజు నుంచి సామ్యూల్ గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడితే కళ్ళు మూసుకునేవాడు. ఏమడిగినా ఊ, ఆ. సోమయ్య షాపు నుంచి కవరు వచ్చినరోజు ఒక్కటే దిండుకు ఆనుకుని లేచి కూర్చునేవాడు.

ఐదో భాగం వచ్చింది. కాంతమణికి బస్సు దాకా ఆగాలనిపించక క్లాక్ టవర్ పార్కులో సిమెంటు బెంచీ మీదే చివరి పేజీ తీసింది. పచ్చచొక్కా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతుల్లో రెక్కలబ్బాయి. రెక్కలు రెండూ ముడుచుకుపోయాయి. చుట్టూ అందరూ తలలు దించారు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు అక్కరలేకపోయింది.

ఇది చూస్తే పిల్లవాడు ఏమైపోతాడు? వాడికి మిగిలిన హుషారు ఈ కాస్తే. ఇంటికి రాగానే అటకెక్కి, క్రిస్మస్ నక్షత్రాలు పెట్టే అట్టపెట్టెలో అడుగున దాచింది. డిసెంబరు దాకా దాన్ని ఎవరూ ముట్టరు.

"ఏదమ్మా?" సామ్యూల్ చెయ్యి చాపాడు.

"రాలేదంట. బొంబాయి లారీ ఎక్కడో ఆగిపోయిందంట."

వాడు మళ్ళీ గోడ వైపు తిరిగాడు. ఆ పదిహేను రోజులూ ఇంట్లో మాటే లేదు. ఆరో భాగం కోసం ఆమె పొద్దున్నే బయల్దేరింది. ఈసారి చివరి పేజీలో మంచుపిల్ల ఎవరినో తంతోంది. ఏడ్చేవాళ్ళెవరూ లేరు. కథ ముందుకు పోయింది కదా అనుకుని, ధైర్యంగా తెచ్చి కొడుకు చేతికిచ్చింది.

ఆమె మొదటి పేజీ చూడలేదు. ఎప్పుడూ చూసే అలవాటు లేదు. సామ్యూల్ మాత్రం మొదటి పేజీయే తీశాడు. దాని నిండా ఒక శవపేటిక, మూతమీద చెక్కిన రెక్కలు, చుట్టూ నల్లబట్టల్లో మిగతా పుస్తకాల వీరులూ.

వాడు తల్లి వైపు చూసి ఫోన్ అందుకున్నాడు. స్పీకరు పెట్టి సోమయ్యను అడిగాడు.

"ఐదోదా? అమ్మనే తీస్కపోయింది గదన్నా. గీ పార్కుల కూసోని సూసింది సుత. నేను షాపుల నుంచి సూస్తనే ఉన్న."

ఫోన్ పెట్టేశాక కాంతమణి కొంగు అంచు చూసుకుంటూ నిలబడింది.

"ఏడ దాచినవమ్మా?"

"నక్షత్రాల పెట్టెలో."

సామ్యూల్ నవ్వాడు. పడినప్పటి నుంచి అలా నవ్వలేదు. మంచం ఊగి కాలు కలుక్కుమంటే "అబ్బా" అని, మళ్ళీ నవ్వాడు.

"హెరాన్ పోతడని నాకు జూన్‌లోనే తెలుసమ్మా. ఆఫీసులో నెట్‌లో చూసిన. వాళ్ళే ముందు చెప్పేస్తరు, పుస్తకాలు అమ్ముడుపోవాలె గదా."

"చచ్చిపోతాడని తెలిసి చదువుతున్నావా?"

"ఎట్ల పోతడో చూడాలె గదా. అయినా ఏడాదో రెండేళ్ళో, మళ్ళీ బతికించి తెస్తరులే."

"నోర్ముయ్! మళ్ళీ లేచింది ఒక్కడే, ఆయన పేరు ఆదివారం పాడుతున్నావు." అని, మంచం అంచున కూర్చుంది. "వాళ్ళమ్మకు చెప్పారా?"

"ఎవరమ్మకు?"

"రెక్కలబ్బాయి వాళ్ళమ్మకు. ఆ పెట్టె దగ్గర అందరూ ఉన్నారు. ఆవిడ ఏదీ?"

సామ్యూల్ పేజీలు తిప్పాడు. వెనక్కి, ముందుకు. ముసలావిడ ఎక్కడా లేదు.

"ఎనిమిది పుస్తకాలు పట్టే యుద్ధం చేస్తారు, తల్లికి కబురు చెప్పేవాడు ఒక్కడు లేడా? ఆకాశంలో ఎగురుతారు కదా, పోయి తలుపు కొట్టలేరా? ఆవిడ అక్కడ మూతపెట్టుకుని కూర్చునే ఉంటుందిరా!"

"సీక్రెట్ అమ్మా. వాడెవరో ఎవ్వరికీ తెల్వొద్దు గదా."

"తల్లి కూడా ఎవ్వరిలోకే వస్తుందా?"

వాడు జవాబు చెప్పాడు, ఆమె ఒప్పుకోలేదు. ఆ పూట మొదలైన వాదన మర్నాడు కూడా తెగలేదు. గోడ వైపు తిరిగి వాదించడం కుదరదు కాబట్టి సామ్యూల్ ఇటే తిరిగి కూర్చున్నాడు. అన్నం కూడా వాదిస్తూనే తిన్నాడు. మూడో రోజు మళ్ళీ సోమయ్యకు ఫోన్ చేశాడు. పెద్ద యుద్ధాలకు పక్కన చిన్న పుస్తకాలు కూడా వేస్తారట, ఎనిమిది భాగాల్లో లెక్కకు రానివి. అలాంటిదొకటి ఆ తల్లిమీద ఉందని తెలిసింది. అదెవరూ కొనరని సోమయ్య తెప్పించలేదు.

"నాకు గాదు, అమ్మకు," అన్నాడు సామ్యూల్. "ఎట్లనన్న తెప్పియ్యి."

నవంబరులో ఎక్స్-రే రోజు వచ్చింది. సగం జీతం సెలవులు కూడా అప్పటికే వాడేసిన యేసురాజు ఆ పొద్దున బండి మీదే ఉన్నాడు. ఆటోలో కొడుకు పక్కన కాంతమణే కూర్చుంది. ఆసుపత్రిలో ఫిల్ము కవరు చేతికిచ్చి, లోపలికి పిలిచేదాకా కూర్చోమన్నారు. చివరి పేజీ ఆమె ఒళ్ళోనే ఉంది, తీసి చూసినా తెలిసేది కాదు.

డాక్టర్ ఫిల్మును వెలుగుకు పట్టాడు. ఆమె డాక్టర్ మొహాన్నే చూసింది.

"ఇదిగో, ఇక్కడ పొగలా కనిపిస్తుందా? కొత్త ఎముక. అతుకు మొదలైంది."

"అయితే మళ్ళీ కొయ్యరా?"

"ఇప్పుడైతే కొయ్యనమ్మా. పండగ అయ్యాక ఇంకోసారి చూద్దాం. అప్పటికి గట్టిపడితే సరి, లేకపోతే ఆలోచిద్దాం."

"అంటే ఇంకా ఉందా? మొత్తం ఎన్ని భాగాలు?"

డాక్టర్‌కు అర్థం కాలేదు. సామ్యూల్ తల దించుకుని నవ్వాపుకున్నాడు.

తిరుగుదారిలో వాడు ఆటోను క్లాక్ టవర్ వైపు తిప్పించాడు. సోమయ్య షాపు దిగి ఆటో దగ్గరికే వచ్చాడు.

"పరేషాన్ జేసినవన్నా, బొంబాయి మొత్తం వెతికిచ్చిన. ఇగో అమ్మా, మీ బుక్కు."

పలచటి పుస్తకం. అట్టమీద ముసలావిడ, బల్లమీద మూతపెట్టిన పళ్ళెం. కాంతమణి బొటనవేలు అలవాటు చొప్పున చివరి పేజీకే పోయింది.

పచ్చచొక్కా ఆయన టోపీ చేతిలో పట్టుకుని ముసలావిడ వంటింట్లో నిలబడి ఉన్నాడు. ఆమె బీరువా తలుపు తెరిచింది. లోపల అరల నిండా సీసాలు. సీసాల నిండా బూడిదరంగు ఈకలు. నలభై ఏళ్ళుగా కొడుకు గది ఊడ్చి, ఒక్కటీ పారెయ్యకుండా దాచినవి.

కాంతమణి చాలాసేపు చూసి, పుస్తకం మూసింది.

"ఏమైందమ్మా? చెప్పిండ్రా ఆమెకు?"

"మొదటి నుంచి చదువు."

"నువ్వు చూసినవ్ గదా, చెప్పు!"

"చెప్పను," అని పుస్తకాన్ని వాడి ఒళ్ళో పడేసి, గతుకులకు ఊగకుండా వాడి కాలును రెండు చేతులతో పట్టుకుంది.