విమానమెక్కిన కుట్టుమిషను

నరసాయమ్మకి ఆ పూట అందరి మీదా ఒళ్లు మండిపోతోంది. ముందుగా అక్క కొడుకు అచ్చిబాబు మీద. పెట్టెలు ఇంటి దగ్గరే తూకం వేయించరా అని చెవినిల్లు కట్టుకుని పోరితే, "నే చూసుకుంటాలే పిన్నీ" అన్నాడు. ఏం చూసుకున్నాడు, వాడి తలకాయ! తీరా విమానాశ్రయానికొచ్చాక కౌంటర్లో మనిషి పెట్టెని పక్కకి నెట్టేసి "బరువెక్కువ, ఖలాస్" అనేశాడు. కట్టమన్న డబ్బుతో ఇంకో మిషను కొనుక్కోవచ్చు.

ఆ పెట్టెలో ఉన్నది కుట్టుమిషను. ఈ బహ్రెయిన్‌లో, రిఫా అనే ఊళ్లో అరబ్బుల ఇంట్లో గిన్నెలు తోమి, నేలలు తుడిచి, కూతురు సాయికుమారి కోసం కొన్నది. మొగుడు పోయిన పిల్ల, టైలరింగు పెట్టుకుందామని ఊళ్లో కొట్టొకటి మాట్లాడుకుంది. ఈ నెలలో మిషను రాకపోతే కొట్టు వేరేవాళ్లకిచ్చేస్తానని దాని ఆసామి తెగేసి చెప్పాడు. అచ్చిబాబు తప్ప ఇప్పట్లో ఊరెళ్లేవాళ్లెవరూ లేరు.

"ఈ సబ్బులూ పాలపొడి డబ్బాలూ ఎవరు కుక్కమన్నారు పిన్నీ?"

"మిషను చుట్టూ ఖాళీ వదిలేస్తే? బహ్రెయిన్ నుంచి డొల్ల పెట్టె పంపిందని నలుగురూ నవ్విపోరూ?"

సబ్బులన్నీ తీసి కింద పోశారు. అయినా చాల్లేదు. అడిగినవాడికల్లా సరేనని, పేటలో సగంమంది సామాను నెత్తినేసుకున్నాడు మరి మొహమాటాలరాయుడు అచ్చిబాబు.

దానికి తోడు వెనకాల నలుగురు తెలంగాణ కుర్రాళ్లు, ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఒకటే నవ్వు. ఈ కాలం కుర్రాళ్లకి చిన్నా పెద్దా తెలీదని ఆవిడకి గట్టి నమ్మకం.

"ఏమయ్యా, ఇక్కడ మా ప్రాణాలు పోతుంటే మీకు ఇకఇకలా?"

నవ్వులు తగ్గాయి. మధ్యలో ఉన్నవాడు ముందుకొచ్చాడు. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు.

"అమ్మా, మీ పెట్టె నా టికెట్ మీద ఎక్కియ్యుండ్రి. నాకు సామాన్ లేదు. బొంబయిల దిగినంక అన్నకు అప్పజెప్త."

నరసాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. సామాను లేకుండా ఊరెళ్లేవాడు ఉంటాడా ఎక్కడైనా?

"ఇన్నాళ్లు సంపాదించి అమ్మకో చీరముక్క కూడా కొనలేదా? ఇంటికెళ్తే ముందు నీ చేతులే చూస్తుంది కదయ్యా ఆవిడ. సినిమాలకీ సిగరెట్లకీ తగలేశావేమో. నీ చేతిలో పెట్టనా నా పిల్ల బతుకు?"

ఆ అబ్బాయి తల దించుకున్నాడు. స్నేహితుల్లో ఒకడు, వెంకటి, ఆవిణ్ణి పక్కకి పిలిచాడు.

"గట్ల అనకమ్మా. మా గంగాప్రసాద్ వాళ్లమ్మ మొన్న సచ్చిపోయింది. మట్టికి అందలే. దినాలకన్న అందుతడని తోలిస్తున్నం. ఊకుంటె ఏడుస్తడని నవ్వుల మీద పెడ్తున్నం."

నా నోరు పడిపోను, అనుకుంది నరసాయమ్మ. గబగబా వెనక్కొచ్చి పెట్టె మీద చెయ్యేసింది.

"తెలీక వాగాను బాబూ. వద్దులే, నీ బాధలో నువ్వున్నావు."

గంగాప్రసాద్ అప్పటికే పెట్టెని తూకం మీదికెత్తేశాడు.

"ఏం కాదమ్మా. ఉత్త చేతులతోని ఇంటికెట్ల పోవాల్నని రంధి వెట్టుకున్న. గిదన్న మోసుకపోత."

పెట్టెకి చీటీ కట్టారు. అది లోపలికి వెళ్లిపోయింది. బయట యజమాని డ్రైవరు హారన్ మీద హారన్. వాణ్ణీ తిట్టుకుంది, తన నోటినీ తిట్టుకుంది. మళ్లీ ఆ కుర్రాళ్లని చూసింది. తోడు వచ్చి నవ్వించేవాళ్లు వీళ్లూ, తిట్టిన మనిషి పెట్టె మోసేవాడు వాడూ. వీళ్లలాంటివాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారంటే తన పిల్లకి ఫరవాలేదనిపించింది.

గంగాప్రసాద్ రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చాడు.

"కస్టమ్స్‌ల మిషన్ ఎవరికని అడుగుతరు. పేరేందమ్మా?"

"సాయికుమారి."

"నాకన్న పెద్దదా?"

"పెద్దదే నాయనా."

"అయితే మా అక్కకని చెప్త."

నరసాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.