నాలుగో ఊపిరి

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రెండు గదుల ఇంట్లో కమల పసిపిల్లలను చూసుకుంటుంది. ఆబిడ్స్ దుకాణాల్లో పనిచేసే తల్లుల పిల్లలు పొద్దున తొమ్మిదింటికి వస్తారు, పొద్దుగూకే వేళకు వెళ్ళిపోతారు. ఇప్పుడు ముగ్గురున్నారు. మధ్యాహ్నం ముగ్గురూ నిద్రపోయాక కమల గడప మీద కూర్చుని వాళ్ళ ఊపిరులు లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత నాలుగోది వినిపిస్తుంది. సన్నగా, ముక్కు దిబ్బడ వేసిన పిల్ల ఊపిరి. అది గల్లీ వైపు కిటికీ కిందనుంచి వస్తోందని ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఆ కిటికీ కింద ఆమె ఏ పిల్లనూ పడుకోబెట్టలేదు.

ముగ్గురిలో చిన్నవాడు శశికిరణ్. మూడో నెల. తల్లి హైందవి బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. వాణ్ణి గౌలిగూడ నుంచి ఆటోలో తెచ్చి దించేది నాయనమ్మ వరలక్ష్మి. మొదటి రోజే ఆవిడ సంచిలోంచి ఆవాల దిండు తీసింది.

"తల గుండ్రంగా రావాలంటే ఇదే పెట్టాలి. మా ఇంట్లో అందరికీ పెట్టాం. బోర్లా పడుకోబెట్టు, ఉలికిపడకుండా రెండు గంటలు నిద్రపోతాడు."

"దిండొద్దమ్మా. నా దగ్గర అందరిని ఎల్లకిలనే పండబెడ్త. గట్టి పరుపు. పక్కల ఏం పెట్ట."

"తల వెనక చపాతీ పీటలా చదునైపోతే రేపు పిల్లనెవరిస్తారు? నువ్వు చూస్తావా సంబంధం?"

"చూస్త తియ్యమ్మా. గుండ్రం తలకాయలోళ్ళకే దొరుకుతలేవు సంబంధాలు."

వరలక్ష్మి నవ్వింది. కానీ దిండు మాత్రం అక్కడే వదిలి వెళ్ళింది. కమల దాన్ని అలమరలో పెట్టేసింది.

ఆ గురువారం వరలక్ష్మి బేగం బజార్‌లో సరుకులు కొనుక్కుని, ఎండకు తాళలేక మధ్యాహ్నమే వచ్చింది. పిల్లలు ముగ్గురూ నిద్రలో ఉన్నారు. ఆవిడను కూర్చోబెట్టి కమల టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది. పాలు కాగుతుండగా అలవాటుగా చెవి అటు వేసింది. ఒకటి, రెండు. మూడోది లేదు. నాలుగోది మాత్రం ఎవరో వెనకనే నిలబడ్డట్టు, మెడ మీద తగిలేంత దగ్గరగా వినిపించింది.

కమల పరుగెత్తింది.

శశికిరణ్ బోర్లా ఉన్నాడు. అలమరలోంచి వరలక్ష్మి తీసిన ఆవాల దిండులో ముఖం కూరుకుపోయి ఉంది. ఆవిడ పక్కనే కూర్చుని వాడి వీపు మీద నెమ్మదిగా తడుతోంది. కమల వాణ్ణి ఒక్క ఊపున తిప్పి ఎత్తుకుంది. ముఖం కందిపోయి ఉంది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత గుక్కపట్టి ఏడ్చాడు.

"ఏమైంది? అటూ ఇటూ కదులుతుంటే, కాసేపు హాయిగా పడుకుంటాడని..."

కమల వాణ్ణి భుజానికి హత్తుకుంది. కింద కూర్చుండిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఏ మనిషికీ చెప్పనిది అప్పుడు చెప్పింది.

"ఆ కిటికీ కింద ఒక పిల్ల పోయిందమ్మా. మనస్విని. నాలుగు నెల్ల పిల్ల. వంటయ్యేదాంక లేవద్దని నేనే మెత్తటి బొంత మీద బోర్ల పండబెట్టిన. వచ్చి చూస్తే సల్లగున్నది. నిద్రల ఊపిరాగిందన్నరు దవాఖానల. ఎట్ల పండబెట్టినవని అడిగిన్రు. ఎల్లకిలనే అని చెప్పిన."

"వాళ్ళమ్మకు తెలుసా?"

"చెప్పలే."

వరలక్ష్మి లేచింది. దిండు సంచిలో వేసుకుని, మనవణ్ణి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

ఆ సాయంత్రమే హైందవి ఫోన్ చేసింది. "ఆంటీ, రేపట్నుంచి బాబును అత్తయ్య ఇంట్లోనే చూసుకుంటారు." కమల నోరు తెరిచేలోపు ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం, శనివారం గడిచాయి. ఆదివారం పిల్లలెవరూ రారు. ఖాళీ ఇంట్లో కమల కంచం ముందు కూర్చుంటే ఊపిరి వినిపించింది. చెయ్యి అన్నంలో ఆగిపోయింది. అది మనస్వినిది కాదు. శశికిరణ్‌ది. మెత్తటి దేంట్లోనో ముక్కు ఇరుక్కుని, ఆగి ఆగి వస్తోంది. చెప్పకపోయి ఉంటే వాడు తన కళ్ళ ముందే ఉండేవాడు కదా అనుకుంది. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని గౌలిగూడకు నడిచింది.

తలుపు వరలక్ష్మే తీసింది. జుట్టు దువ్వుకోలేదు. కళ్ళు లోపలికి పోయాయి.

"పంచాయితికి రాలేదమ్మా. బాబు ఎట్ల పండుకున్నడో ఒక్కసారి చూసి పోత."

వరలక్ష్మి పక్కకు తప్పుకుంది. గదిలో నేల మీద పలచటి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి. శశికిరణ్ వెల్లకిలా, చేతులు రెండూ తలకటూ ఇటూ పారేసి నిద్రపోతున్నాడు. చుట్టూ ఏమీ లేదు. పరుపు పక్కన పీట. పీట దగ్గర కలిపి వదిలేసిన అన్నం ఎండిపోయి ఉంది.

"మూడు రోజులయింది," అంది వరలక్ష్మి గుసగుసగా. "నేను చూస్తాను, పడుకోండి అంటుంది హైందవి. కన్ను మూస్తే వీడి ఊపిరి ఆగినట్టుంటుంది. నీది నాకు అంటించి పంపావే."

వాడి ఊపిరి వినేందుకు కమల వంగింది.

"ఆ పిల్ల తల్లి ఎక్కడుంటుంది?"

"ఉస్మాన్‌గంజ్‌ల."

"ఆమెకు నిజం చెప్పొచ్చేదాకా వీణ్ణి నీ ఇంటికి పంపను. ఒక్కదానివీ వెళ్ళలేకపోతే నేను వస్తాను."

"నన్ను కొడతదేమో."

"కొట్టనీ."

కమల పిల్లవాడి మీద వాలిన ఈగను తోలింది. తర్వాత, "ఔ, రేపే పోదం," అంది.

వరలక్ష్మి వంగి, ఎండిన అన్నం కంచం తీసుకుంది.

"అయితే కూర్చో. రెండు ముద్దలు తినొస్తాను. చూస్తూ ఉండు."