కడబంతి

ఆ మైదానంలో గడ్డి ఉంది, గాలి ఉంది, ఆదివారం వస్తే బొమ్మవిమానాలు చంకన పెట్టుకుని దిగే పెద్దమనుషులూ ఉన్నారు. లేనిదల్లా కరెంటు. పదకొండేళ్ళుగా అది వాళ్ళ క్లబ్బులోనే ఉన్న ఒక వెల్డరు చేతుల మీదే వచ్చేది.

అద్దె బండిలో తెచ్చిన నలభై కిలోల లారీ బ్యాటరీని ఆయనే దింపి చెక్కబల్ల కింద పెట్టేవాడు. అందరూ తమ చార్జర్ల క్లిప్పులు దానికి తగిలించుకుని విమానాల చిన్న బ్యాటరీలు నింపుకునేవాళ్ళు. బల్లకు పదడుగుల్లో వరసగా కార్లు నిలబడి ఉండేవి, కానీ సొంత కారు బ్యాటరీ ముట్టుకోవడానికి ఒక్కరికీ మనసొప్పదు. పరాయి సొమ్మయితే చెయ్యి ధారాళం. ఆయన్ని పవర్‌హౌస్ బాబాయ్ అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపుకే ఆయన మురిసిపోయేవాడు, పిచ్చిమారాజు.

బ్యాటరీ పెట్టె మీద ఎర్రరంగుతో ఆయన రాసిన మాట ఒక్కటే: "పదకొండు కిందికి దిగొద్దు." పెద్ద బ్యాటరీ పదకొండు వోల్టులకు దిగగానే చార్జరు దానంతటదే ఆగేలా ఎవరికి వాళ్ళు పెట్టుకోవాలి. అంతకు మించి పీల్చితే అది చస్తుంది.

రాయని నియమం ఇంకొకటుంది. ఆయన తన చార్జరును ఎప్పుడూ అందరికన్నా ఆఖర్న తగిలించేవాడు. పిలిచి వడ్డించేవాడు ముందు తింటాడా అనేవాడు. క్లబ్బు కార్యదర్శి ఆయనకు సొంత బావమరిదే. నోరు తీపి మనిషి. బావ పక్కన చేరి, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు" అని నవ్వేవాడు. అంటూనే తన క్లిప్పులు మొదటి బంతిలోనే తగిలించేవాడు.

ఈ ఏడు పోటీకి వెల్డరు కూడా పేరిచ్చాడు. ఎక్కువసేపు గాలిలో ఉన్నవాడిది గెలుపు. రెండేళ్ళు కూర్చుని, పల్చటి చెక్క ఒక్కొక్క ముక్కే అతికించి, రెండు బారల రెక్కల విమానం కట్టాడు. గెలవాలని కాదు. ముప్పై ఏళ్ళు నిప్పురవ్వలు చూసిన కళ్ళు మసకేస్తున్నాయి. ఆకాశంలో చిన్న చుక్కను వెతుక్కునే చూపు వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు కంటి డాక్టరు. తన విమానం ఎగరడం తన కళ్ళతో చూడాలంటే ఈ ఒక్క రోజే.

ఒకప్పుడు ఎవరి కారులోనో బ్యాటరీల సంచీ అంటుకుంది. అప్పటినుంచి విమానాల బ్యాటరీలు ఇంటిదగ్గర నింపి తేకూడదు, ఖాళీగా తెచ్చి మైదానంలోనే నింపుకోవాలని నియమం. పోటీ రోజు పద్నాలుగు మంది నింపుకున్నారు. వాళ్ళందరిదీ అయ్యాక వెల్డరు తన క్లిప్పులు తగిలించాడు. చార్జరు రెండుసార్లు కీచుమని ఆగిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఆగింది. మీటరు పెట్టి చూస్తే పది దగ్గర ఊగుతోంది ముల్లు.

వరసగా ఒక్కో చార్జరూ చూసుకుంటూ పోయాడు. పదమూడింటి మీద పదకొండే ఉంది. బావమరిది దాని మీద పది.

"ఇదేంట్రా?"

"చివర్లో రెండో బ్యాటరీ నింపుతుంటే మాటిమాటికీ ఆగిపోయింది బావా, కాస్త తగ్గించా. మనింటి బ్యాటరీయేగా, పరాయివాళ్ళదా?"

పరాయివాళ్ళు పదమూడు మందీ మాట నిలబెట్టుకున్నారు. మనవాడే గొంతు కోశాడు.

వెల్డరు క్లబ్బులోని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, "మీ కారుకి ఓ అరగంట తగిలించుకుంటాను" అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"కొత్త కారు బాబాయ్. వారంటీ పోతుందంటారు." డాక్టరు తల దించుకునే చెప్పాడు. మిగతావాళ్ళలో ఒకాయనకు ఫోనొచ్చింది, ఇంకొకాయన తన విమానం చక్రం ఊడిందేమోనని ఒంగి చూసుకున్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. వీళ్ళు మాత్రం తెప్ప మీద కూర్చునే తగలేశారు.

పేర్లు పిలిచేది బావమరిదే. నియమం ప్రకారం వెల్డరును మూడుసార్లు పిలిచి, కాగితం మీద గీత కొట్టి, తన విమానం ఎత్తుకున్నాడు. అది ఇరవై రెండు నిమిషాలు ఎగిరింది. వెల్డరు తలెత్తి చూశాడు. చుక్క బాగానే కనబడింది, అందుకే ఒళ్ళు ఇంకా మండింది.

చప్పట్లయ్యాక బావమరిది వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఏమనుకోకు బావా. వచ్చే ఆదివారం మాత్రం నిండుగా తే."

"వచ్చే ఆదివారం నీ మొదటిబంతి నువ్వే వండుకో," అన్నాడు వెల్డరు చెయ్యి తీసేసి. "వడ్డించేవాడు మీవాడు కాదింక."

చచ్చిన బ్యాటరీ కూడా నలభై కిలోలే తూగుతుంది. దాన్ని తనే ఎక్కించుకుని ఇంటికొచ్చాడు.

"ఎగిరిందా?" అంది భార్య గుమ్మంలోనే.

"మీ తమ్ముడిది ఎగిరింది."

ఆవిడ కంచం పెట్టి వడ్డించింది. ఆయన కోపంకొద్దీ మారడిగి మరీ తిన్నాడు, ముద్దముద్దకీ బావమరిదిని తిడుతూ. అందరికీ పెట్టి ఆఖర్న కూర్చునేవాడి సంగతి ఈ లోకానికి పట్టదన్నాడు. పెట్టేవాడు తిన్నాడో లేదో ఒక్క వెధవ అడగడన్నాడు. ఆవిడ పక్కన నిలబడి గరిటె పట్టుకుని వింది.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ ఆయన యథాలాపంగా గిన్నెలోకి చూశాడు. అడుగున గీకితే ఓ గుప్పెడు వస్తుందేమో.

"నీకేదీ?" అన్నాడు. ఆ మాట తన నోటికే కొత్తగా తగిలింది.

"ఎన్నడూ లేంది ఇవాళేంటి, గిన్నెలు తొంగిచూస్తున్నారు?" అంది ఆవిడ. మూత పెట్టేసింది. "మీరు చెయ్యి కడుక్కోండి."