చారుకు పోయిన ఊతకట్టె

వెలుతురు గీతలు గీతలుగా పడుతోంది.

పలకకూ పలకకూ మధ్య వేలెడంత సందు. సందుకొక గీత. గీతలో ఇసుక దుమ్ము ఆడుతోంది — ఏ తొందరా లేకుండా. దాన్నెవరూ ఇఖామా — ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం — అడగరు.

గీతల కింద ముగ్గురు మనుషులు.

ఒక గీత ఈశ్వరయ్య నుదుటి మీద పడింది. ఒకటి అతని భార్య సంజీవమ్మ మోకాలి మీద. మూడోది నాగేంద్రప్రసాద్ ఒళ్ళో ఉన్న వీసీఆర్ మీద. వీసీఆర్‌కు ప్లాస్టిక్ కవరు. కవరు మీద తుండు. తుండు మీద ఆయన రెండు చేతులు.

పైన బూట్ల చప్పుడు.

"నాలుగు జతలు," అన్నాడు ఈశ్వరయ్య, పెదవులతో మాత్రమే.

వడ్రంగి చెవి అది. పలక మీద ఎంత బరువు పడిందో చెబుతుంది. ఏం చేయాలో మాత్రం చెప్పదు.

తొంభయ్యో సంవత్సరం, ఆగస్టు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి మూడు వారాలు. ఎగైలాలో ఒక పెద్దింటి పెరడు. పెరట్లో చెక్కతో కట్టిన గుండ్రటి బాట — అడుగు ఊడిన మూకుడులా ఉంటుంది. లోపలి అంచు నేలను తాకుతుంది. బయటి అంచు రెండు నిలువుల ఎత్తు. మోటార్‌సైకిల్ పందేల కోసం కట్టింది.

ఎందుకంటే ఇంటి యజమానికి పిచ్చి.

డబ్బున్నవాడి పిచ్చిని హాబీ అంటారు.

యజమానిని అందరూ బాబా అంటారు. బాబా దగ్గర ఒక ఆల్బం ఉండేది. ఎనభై ఏళ్ళ కిందట అమెరికాలో ఇలాంటి బాటలు ఉండేవట. మైలు మైలు పొడవు. లక్షల పలకలు, అంచు మీద నిలబెట్టి మేకులు కొట్టినవి. గోడలాంటి వాలు. బళ్ళకు బ్రేకులుండవు. ఇంజన్లు నూనె కక్కేవి. పలకలు జారేవి. పడ్డవాడి ఒంట్లో చెక్కపేళ్ళు దిగేవి, జానెడు జానెడు.

జనం టిక్కెట్టు కొని చూసేవారు. ఆదివారం పూట. పిల్లల్ని వెంటబెట్టుకుని.

నాలుగేళ్ళు తిరగకుండా చెక్క కుళ్ళేది. పైన పందెం నడుస్తుండగానే కింద వడ్రంగులు పాక్కుంటూ పలకలు బాగుచేసేవారు.

ఆల్బంలో బళ్ళున్నాయి. గెలిచినవాళ్ళున్నారు. వాళ్ళ మీసాలున్నాయి. కింది వడ్రంగి ఒక్కడూ లేడు.

ఈశ్వరయ్య అడిగాడు కూడా — పలక విరిగితే కింద ఉన్నోళ్ళు ఏమవుతారు బాబా, అని.

బాబా పేజీ తిప్పాడు.

పటం గీసింది నాగేంద్రప్రసాద్. కడప. డిప్లొమా సివిల్. మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. శుక్రవారం శుక్రవారం వచ్చి గీసేవాడు, ఇస్త్రీ మడత చెడకుండా నిలబడి గీసేవాడు. కట్టింది ఈశ్వరయ్య. రాయచోటి. డిప్లొమా లేదు. వంగి కట్టాడు.

జూలైలో బాబా ఇల్లు ఈశ్వరయ్య, సంజీవమ్మలకు అప్పగించి, ఇంటిల్లిపాదినీ తీసుకుని లండన్ పోయాడు. చల్లగా ఉంటుందని.

ఆగస్టులో ఈ సైనికులొచ్చారు.

నాగేంద్రప్రసాద్ హవల్లీ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. రెండో అరచేతిలో వీసీఆర్ పెట్టుకుని వచ్చాడు.

మొదటిసారి వచ్చిన సైనికులు కారు తీసుకుపోయారు. రెండోసారి వచ్చినవాళ్ళు ఏసీలు, పొయ్యి, గ్యాసు బండ. పక్కింట్లో మూడోసారి వచ్చినవాళ్ళు వంటామెను తీసుకుపోయారు. ఆమె చెప్పులు గేటు దగ్గరే ఉన్నాయి. ఎవరూ తీయలేదు. ఆమె వచ్చి వేసుకుంటుందేమో అని.

అందుకే ఈ బాట కింద.

సంజీవమ్మ కనిపించకూడదు. అంతే. కారు పోతే కారు. పొయ్యి పోతే పొయ్యి. సంజీవమ్మ కనిపించకూడదు.

ఇక చారు సంగతి.

పది రోజులు ఎండిన ఖుబూసు రొట్టె, డబ్బా టమాటా. నాగేంద్రప్రసాద్ ఓర్చుకున్నాడు. యుద్ధాన్ని ఓర్చుకున్నాడు, ఉక్కను ఓర్చుకున్నాడు, కొత్త చొక్కా మీద నూనె మరకనూ ఓర్చుకున్నాడు. పదకొండో రోజు పొద్దున ఓర్చుకోలేకపోయాడు.

"సంజీవమ్మా, ఒక్కపూట చారు. ఇంగువ వేసి. చావొచ్చినా సరే, చారు తాగి చస్తాను."

"కట్టెలు యాడుండాయి సార్? మీ పటాలు కాల్చల్లా?"

ఆయన లేచాడు. పెన్సిలు తీశాడు. పలకల కింది ఊతకట్టెలను ఒక్కొక్కటే పెన్సిలుతో తట్టుకుంటూ నడిచాడు, డాక్టరు వీపులు తట్టినట్టు. ఒకచోట ఆగాడు.

"ఇది డమ్మీ. దీని మీద లోడ్ లేదు. అందం కోసం గీశాను."

"అందమా?" అన్నాడు ఈశ్వరయ్య. "ఎండలో నాతో మోపించేటప్పుడు చెప్పల్యేదు కదా సార్, అందమని!"

కోశారు. మూడు రాళ్ళ పొయ్యి. చింతపండు, మిరియాలు, తిరగమోత. పెరడంతా ఇంగువ వాసన. ముగ్గురికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి — పొగకే.

ఈశ్వరయ్య మూడు గ్లాసులు తాగాడు.

ఆ సంగతి ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

పైన నవ్వులు. షెడ్డు తలుపు తీసిన చప్పుడు. గుడ్డ లాగిన చప్పుడు.

బండి దొరికింది.

సన్నటి బండి. సైకిలుకు ఇంజను కట్టినట్టుంటుంది. బాబా దాన్ని ఏ సముద్రం దాటించి తెచ్చాడో. దాని మీద కూర్చుని ఫొటోలు దిగేవాడు. అంతవరకే. ఆయన ధైర్యం ఫొటోకు సరిపడా ఉండేది. ఈ బాట మీద ఇంతవరకు ఒక్క బండీ తిరగలేదు.

సందులోంచి చూశాడు ఈశ్వరయ్య. నలుగురిలో ఒకడు బండెక్కుతున్నాడు. నలభై దాటిన మనిషి. పొట్ట ట్యాంకు మీద ఆనింది. మీసం హ్యాండిల్ అంత ఉంది. ముగ్గురు వెనక నుంచి తోస్తున్నారు.

"యల్లా! యల్లా!"

బండి దగ్గింది.

మళ్ళీ దగ్గింది.

తర్వాత గోనెసంచిని ఒక్క లాగుతో చింపినట్టు — ఇంజను.

నేల అదిరింది. పలకలు అదిరాయి. మేకులు పళ్ళు కొరికాయి. వెలుతురు గీతలు ఒక్కొక్కటే ఆరిపోతూ వెలుగుతూ వాళ్ళ వైపు పరుగెత్తుకొచ్చాయి. వచ్చాయి... నెత్తి మీద... పోయాయి.

ఒక చుట్టు.

ఇంకో చుట్టు.

వాడు వాలు ఎక్కాడు. మూడో చుట్టుకు బాట మధ్యలోకి వచ్చేశాడు.

ఈశ్వరయ్య చెవి బాటంతా తిరిగి వచ్చింది. ఇక్కడ గట్టి. అక్కడ గట్టి. గుమ్మం దగ్గర అతుకు గట్టి. ఇంత భయంలోనూ అతనికి లోపల ఒక చిన్న సంతోషం, సిగ్గులేకుండా. బాగానే కట్టినానే —

టప్.

చారు తాగిన చోట.

పలక వంగింది. లేచింది. వంగినప్పుడు దాని పొట్టలో తెల్లటి చీలిక.

అతను పాకాడు. బోర్లించిన బక్కెట్టు మీద ఎక్కాడు. కుడి భుజం పలక కింద పెట్టి, మోకాళ్ళు బిగించి, కోసేసిన కట్టె ఎక్కడ నిలబడేదో అక్కడ నిలబడ్డాడు.

వచ్చాడు. బరువు. పోయాడు.

"పగిలిందా?" అంది సంజీవమ్మ.

"పగల్లా. పగలబోతాండాది."

"అది డమ్మీ మెంబరు..." అన్నాడు నాగేంద్రప్రసాద్. "లెక్క ప్రకారం దాని మీద —"

"సార్," అంది సంజీవమ్మ, "నోరు మూసుకో సార్."

రెండుసార్లు సార్ అంది. పద్ధతి తెలిసిన మనిషి.

వచ్చాడు. బరువు. పోయాడు.

విరిగితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. వాడు పడతాడు. మిగతా ముగ్గురు పరుగెత్తుకొస్తారు. కన్నంలోకి తొంగి చూస్తారు. వెలుతురు కిందికి పడుతుంది. మొదట కనిపించేది సంజీవమ్మ.

వచ్చాడు. బరువు. పోయాడు.

శత్రువును భుజాన మోస్తున్నాడు ఈశ్వరయ్య. చుట్టుకొకసారి. వాడు పడకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నాడు. ఒంటిమిట్ట రాముడికి ఇలాంటి మొక్కు ఇంతకు ముందు ఎవరూ మొక్కి ఉండరు.

నాగేంద్రప్రసాద్ వీసీఆర్‌ను కిందపెట్టాడు. మెల్లగా. కవరు సర్దాడు. వచ్చి ఈశ్వరయ్య నడుము పట్టుకున్నాడు, నిచ్చెన పట్టుకున్నట్టు. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు ఈశ్వరయ్యలోంచి పలకలోకి పోతోంది.

"సార్, వదిలితే ఇంకా బాగుంటాది."

వదిలాడు.

పైన నవ్వులు తగ్గాయి. తర్వాత ఆగాయి. ఎవరో ఏదో అరుస్తున్నారు. బండి మీదివాడు తిరిగి అరుస్తున్నాడు. వేగం తగ్గడం లేదు.

బండికి బ్రేకు లేదని, వేగం తగ్గించే మీటా లేదని వాడికి ఇప్పుడే తెలిసింది.

పెట్రోలు అయ్యేదాకా తిరగాలి. ట్యాంకు నిండా ఉంది. ఈశ్వరయ్యే నింపాడు — బాబా వస్తే మాట రాకూడదని.

"యుమ్మా!" అన్న అరుపు నెత్తి మీదుగా పోయింది.

"ఏమంటాండాడు?" అన్నాడు ఈశ్వరయ్య.

"వాళ్ళమ్మను పిలుస్తాండాడు."

వాళ్ళమ్మ రావడానికి వీల్లేదు. చాలా దూరం. దారిలో చెక్‌పోస్టులు కూడా ఎక్కువ.

వచ్చాడు. బరువు. చీలిక ఇంకో జానెడు పాకింది. పేడు ఒకటి లేచి ఈశ్వరయ్య భుజంలో దిగింది. పోయాడు. రక్తం మోచేతి దాకా వచ్చి, ఏం చేయాలో తోచనట్టు అక్కడే ఆగింది.

"ఏమయా..."

"ఇంకో నాలుగు. అయిదు. అంతకంటే నాతో కాదు మే."

సంజీవమ్మ లేచింది.

ఆ బండిని ఆపే ఉపాయం ఒకటుంది. హ్యాండిల్ కింద నల్ల బొత్తాం. నొక్కితే ఇంజను చస్తుంది. శుక్రవారం వచ్చిన ప్రతి చుట్టానికీ బాబా ఆ ముక్క చెప్పేవాడు, ఆమె టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా. జిర్ — బొత్తాం. దూస్ — నొక్కు. ఖలాస్.

అరిస్తే వాడికి వినబడుతుంది. నెత్తి మీదుగా పోయే వాడికి మాత్రమే; దూరంగా ఉన్న ముగ్గురికీ ఇంజను మోతే.

వాడికి వినబడడమే కదా భయం.

అరవకపోతే పలక.

ఐదేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె గొంతు వంటగది దాటలేదు. గిన్నె కింద పెట్టినా చప్పుడు రానివ్వదు. యజమానురాలు మామాకు తలనొప్పి.

ఆమె సందుకు నోరు ఆనించింది.

వాడు ట్యాంకును కౌగిలించుకుని పడుకున్నాడు. గీతలు ఆరుతూ వెలుగుతూ వస్తున్నాయి. వస్తున్నాయి... ఒక్క మాటకే వేళ ఉంది.

"జిర్!"

పోయాడు.

వచ్చాడు.

"దూస్!"

పోయాడు. ఏదో వెతుకుతున్నాడు. ఒక చేయి వదిలి తడుముతున్నాడు — పైన, ముందు, పక్కన. కింద తప్ప.

కింద. కింద అనడానికి అరబిక్‌లో మాట ఆమెకు బాగా తెలుసు. తహత్. మంచం తహత్ ఊడ్చు. సోఫా తహత్ తుడువు. ఊడ్చేవాళ్ళకు మొదట నేర్పే మాట అదే.

ఆ మాట చెబితే వాడికి బొత్తాం దొరుకుతుంది.

ఆ మాట చెబితే వాడికి తామెక్కడున్నారో తెలుస్తుంది.

ఈశ్వరయ్య మోకాలు వంగింది.

"తహత్!" అని అరిచింది సంజీవమ్మ. "తహత్! తహత్!"

గోనెసంచి చిరగడం ఆగింది.

టప్పు. టప్పు... టప్.

చక్రాల గరగర. బండి వాలులోంచి జారింది. మనిషి ఒక దిక్కు, ఇనుము ఒక దిక్కు. తర్వాత ఏమీ లేదు. ఆగస్టు ఎండ చప్పుడు మాత్రం — పలకలు కాగి టిక్ టిక్ మనడం.

వాడు వాలు మీద బోర్లా పడున్నాడు. ఊపిరి వినిపిస్తోంది. మెల్లగా ముఖం తిప్పాడు. చెంప పలకకు ఆనింది. కన్ను సందుకు ఆనింది.

తహత్ చూశాడు.

సంజీవమ్మ కదల్లేదు. ఆ కంటి కింద చెమట బొట్టు ఒకటి వేలాడుతోంది. అది సందులోంచి జారి ఇటువైపు పడింది.

బూట్లు పరుగెత్తుకొచ్చాయి. ముగ్గురూ ఒకేసారి అడుగుతున్నారు. వాడు లేచి కూర్చున్నాడు. ఏదో అన్నాడు. పొడుగు మాటే అన్నాడు. తర్వాత ఒకడు నవ్వాడు.

"ఏమన్యాడు?" ఈశ్వరయ్య పెదవులు.

"తెల్లా. వంటింటి మాటలు కావు అవి."

"తహత్ అన్యాడా?"

"అన్నట్టే ఉండాది. అననట్టే ఉండాది."

బూట్లు గేటు వైపు నడిచాయి. లారీ తలుపులు. లారీ కదిలింది. చప్పుడు సన్నబడి, సన్నబడి, రోడ్డులో కలిసిపోయింది.

నాగేంద్రప్రసాద్ ఒక ఊతకట్టెకు ఆనుకుని ఏడుస్తున్నాడు, రుమాలు మడత విప్పకుండా.

"దిగయా," అంది సంజీవమ్మ. "బండి ఆగిపాయె. ఎవురూ లేరు. దిగు."

ఈశ్వరయ్య దిగలేదు. భుజం పలకకు అతుక్కుని ఉంది. అతని కళ్ళు సగం మూసి ఉన్నాయి. లెక్కపెడుతున్నట్టున్నాడు.

"మూడు జతలు," అన్నాడు.

"ఏంది?"

"లారీ దాకా పోయినేటివి. మూడు జతలే మే."

అప్పుడు వినిపించింది. పైన. ఒక్కడిదే. బూట్ల చప్పుడు కాదు. ఈశ్వరయ్య చెవితో కాదు, భుజంతో విన్నాడు. మడమ... వేళ్ళు. మడమ... వేళ్ళు. ఆ కాగుతున్న పలకల మీద, వాడు బూట్లు విప్పి నడుస్తున్నాడు.

మనిషి కాళ్ళవి విప్పి నడిచేది రెండింటికే. మొక్కడానికి. దొంగిలించడానికి.

అడుగు ఆగింది.

ఒక గీత ఆరిపోయింది.

తర్వాత, దాని పక్కది.