మూసేసిన ఫైలు

ఫిజియోథెరపీ క్లినిక్ తలుపు తీసి, చేతిసంచీ కుర్చీలో పడేసి, డాక్టరమ్మ ట్యాబ్ తెరిచింది. ముప్పై ఏళ్లు నోటుపుస్తకాల్లో రాసుకున్న మనిషి. ఇప్పుడు చెల్లెలి కూతురు తన కోసమని తయారుచేస్తున్న సాఫ్ట్‌వేర్‌లో రాయడం నేర్చుకుంటోంది.

పేషెంట్ల పేర్లలో బస్సు డ్రైవరుగారి పేరు బూడిదరంగుకు తిరిగి ఉంది. నొక్కి చూసింది. "చికిత్స ముగిసింది. కారణం: మరణం."

ఆ మాట మళ్లీ చదివింది. పక్షవాతంతో ఆయన ఎడమకాలు పడిపోతే, ఐదు నెలలుగా ఆ కాలిని బతిమాలి, బెదిరించి నడిపిస్తోంది. నిన్న సాయంత్రం ఆయన నాలుగు మెట్లు చాలన్నాడు. ఇంకో రెండు ఎక్కాల్సిందేనని తనే పట్టుబట్టింది. ఆయాసపడుతూ ఎక్కి, "రేపొస్తా డాక్టరమ్మా" అని వెళ్లాడు. అలా చెప్పి వెళ్లి మళ్లీ రానివాళ్లు ఆమె బతుకులో ఒకరిద్దరు కాదు.

ఆయన ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అదే తంతు. ఆ ఇంట్లో ఫోన్ ఎత్తే స్థితిలో ఎవరుంటారులే అనుకుని, చెప్పులు వెతుక్కుంటుంటే చెల్లెలి కూతురు వచ్చింది.

"ఎక్కడికి పెద్దమ్మా? ముఖం అలా పీక్కుపోయిందేంటి?"

"డ్రైవరుగారు పోయారే. నేనే పొట్టన పెట్టుకున్నా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వు చేసిన ఈ మాయదారిదే చెప్పింది!"

ట్యాబ్ చూడగానే ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "అయ్యో, అది నేనే! నిన్న నువ్వెళ్లాక ఫైలు మూసే పేజీ పనిచేస్తుందో లేదో చూశా. ఉత్తుత్తి పేరు పెట్టాల్సింది, బద్ధకించి పైనున్న పేరు నొక్కేశా. కారణం చెప్పందే ముందుకెళ్లదు. అందుకని వేలికి దొరికింది నొక్కా."

"మరి మళ్లీ తెరవలేకపోయావా?"

"తెరిచే బటన్ ఇంకా చెయ్యలేదు పెద్దమ్మా. మూయడం వరకే చేశా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

తిట్టి, మళ్లీ ఆయన నంబరు నొక్కబోయింది. ఈలోగా ఫోన్ మోగింది.

"ఇన్నిసార్లు చేశారేంటి డాక్టరమ్మా? మా ఆవిడ మేడమీద బట్టలారేస్తోంది. నేను మంచం దిగి వచ్చేసరికి ఇంతసేపైంది."

డ్రైవరుగారి గొంతే. ఆమె అక్కడే కూలబడి, కళ్లు తుడుచుకుని, జరిగిందంతా చెప్పింది. అవతల నవ్వు ఆగలేదు.

"అయితే ఇవాళ వ్యాయామం లేనట్టేగా?"

"చచ్చినా వదలను. పదింటికల్లా రండి."

వచ్చాడు. తన చావు తను చూడాలని ట్యాబ్ లాక్కున్నాడు. "పోయిన టైము కూడా వేశావు తల్లీ, ఆరూ పది! అప్పుడు నేను రిమోట్ కోసం మా ఆవిడతో పోట్లాడుతున్నా. గెలిచా కూడా."

పిల్ల తలెత్తకుండా బటన్ పని చేసుకుంటోంది. డాక్టరమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. నిమిషం దాటినా వదల్లేదు.

"ఏంటమ్మా, నాడి దొరకట్లేదా?"

"దొరికింది. మాట్లాడకండి," అని ఇంకో నిమిషం లెక్కపెట్టింది.