దివ్యశ్రీ కోరిన చెట్టు

ముట్టుకుంటే గరగర. వాసన లేదు.

అబిడ్స్‌లో ఆ దుకాణం ముందు, ఫుట్‌పాత్ మీదికి జరిపి పెట్టిన ప్లాస్టిక్ చెట్ల మధ్య, అనురాధ ఒక కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని నిలబడింది. పచ్చగా ఉంది. మరీ పచ్చగా... ఏ ఎండా తాకనంత పచ్చగా.

పక్కన దివ్యశ్రీ. తొమ్మిదేళ్లు. రత్నాకర్ కూతురు.

తన కూతురు అనవచ్చా? జూన్ నుంచి అనురాధకు తెలియడం లేదు. జూన్‌లో రిజిస్ట్రార్ ఆఫీసులో రత్నాకర్ పక్కన కూర్చుని సంతకం పెట్టింది. ఆ రోజు నుంచి నాంపల్లిలోని ఆ రెండు గదుల ఇల్లు ఆమెది. వంటగది ఆమెది. ఆ పిల్ల మాత్రం ఆమెను ఆంటీ అంటుంది.

మెత్తగానే అంటుంది. అదే అర్థం కాదు.

ఇంట్లో చెట్టు లేక కాదు. సజ్జ మీద పొడుగాటి అట్టపెట్టెలో ఒకటి ఉంది. ప్లాస్టిక్‌ది. స్నేహలత కొన్నది.

స్నేహలత దివ్యశ్రీ తల్లి. పోయి మూడేళ్లు.

ఆమె పోయాక ఆ చెట్టు కిందికి దిగలేదు. క్రిస్మస్ అంటే తండ్రీ కూతురూ చర్చికి పోయి రావడమే అయింది. ఈసారైనా దింపుదామని మొన్న అనురాధ స్టూలెక్కింది. పెట్టె మీద చెయ్యి వేసింది.

"అది వద్దు ఆంటీ," అంది పిల్ల కింది నుంచి. "నిజం చెట్టు తెచ్చుకుందాం."

ఎందుకు?

అమ్మ చెట్టును ఈమె తాకకూడదనా? లేక ఈమెతో కలిసి కొత్తది పెట్టుకుందామనా? రెండింటికీ అవే మాటలు. రెండింటికీ అదే గొంతు.

రత్నాకర్‌ను అడిగింది. "మీ ఇద్దరి ఇష్టం," అన్నాడు. చొక్కా ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండా.

ఊళ్లో ఉన్న తల్లి కొండమ్మకు ఫోన్ చేసింది. "మీ పండుగ ముచ్చట నాకేమెరుక బిడ్డా. బతుకమ్మకైతే కాగితం పూలు పెడ్తమా?"

పెట్టరు. తంగేడు, గునుగు కోసుకొస్తారు. పేరుస్తారు, ఆడతారు, నీళ్లలో విడుస్తారు. ఉత్త చేతులతో ఇంటికొస్తారు. కానీ అదే కొండమ్మ గుమ్మానికి రెండేళ్లుగా ప్లాస్టిక్ మామిడాకులే వేలాడుతున్నాయి...

ఏది సరైనదో ఎవరు చెప్తారు?

అందుకే రెండూ చూపిద్దామని పిల్లను వెంటబెట్టుకుని బయల్దేరింది.

"గిది తీస్కోండి మేడమ్," అన్నాడు దుకాణం శ్యామ్‌సుందర్. "పదేండ్లైనా గిట్లనే ఉంటది."

దివ్యశ్రీ ఆ చెట్టును చూసింది. చాలాసేపు.

"మమ్మీది గూడ గిట్లనే ఉంది," అంది. "మీరు వంట చేస్తుంటే స్టూలెక్కి పెట్టె తెరిచి చూసిన. దానికేం కాలేదు."

అది కోపమా? ఊరటా? అనురాధ ఆ మొహంలో వెతికింది. దొరకలేదు.

నాంపల్లి వైపు నడిచారు. ఎండ. హారన్లు. జనవరి ఎగ్జిబిషన్ కోసం నుమాయిష్ మైదానంలో స్టాళ్లకు మేకులు కొడుతున్న చప్పుడు. రోడ్డు దాటేటప్పుడు పిల్ల చెయ్యి వచ్చి ఆమె చేతిలో పడింది. దాటగానే తీసేసింది.

స్టేషన్ రోడ్డులో గోడకు ఆనించి సరుగుడు కొమ్మలు. మనిషెత్తువి. అమ్మే ముసలాయన, బిచ్చయ్య, వాటి మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. పచ్చి వాసన. తడి మట్టి వాసన.

"ఎన్ని రోజులుంటది తాతా?" అని అడిగింది దివ్యశ్రీ.

"బకెట్ల తడి ఇసుక పోసి నిలబెడితే పది దినాలు బిడ్డా."

"తర్వాత?"

"ఎండుతది."

"రోజూ నీళ్లు పోసినా?"

బిచ్చయ్య అనురాధ వైపు చూశాడు. ఏం చెప్పమంటావమ్మా అన్నట్టు చూశాడు. ఒక అబద్ధం సరిపోతుంది. చిన్నది. పండుగ పూట చెప్పదగ్గది.

"పోసినా ఎండుతది," అంది అనురాధ. "కోసిన కొమ్మ గదా."

అనేశాక పిల్ల వైపు చూసింది. అనకూడనిది అన్నానా...

పిల్ల కొమ్మను నిమిరింది. సన్నటి ఆకులు వేళ్లకు అంటుకున్నాయి.

"దవాఖానల అందరూ మంచిగైతదనే చెప్పిన్రు," అంది. "మమ్మీకి. డాడీ గూడ గట్లనే చెప్పిండు."

ఆటోలు పోతున్నాయి. బిచ్చయ్య నీళ్ల చెంబు కింద పెట్టాడు.

"ఇదే తీస్కుందాం," అంది దివ్యశ్రీ.

"ఎండుతదని తెలిసి గూడనా?"

"ఔ."

ఆటోలో కొమ్మ సగం బయటే ఉంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు.

సాయంత్రానికి ముందుగదిలో బకెట్. బకెట్‌లో ఇసుక. ఇసుకలో చెట్టు, కొంచెం పక్కకు వంగి. దివ్యశ్రీ గుడ్డముక్కలు కట్టింది, గంటలు కట్టింది. చివరికి స్కూల్లో చేసిన కాగితం నక్షత్రం తీసి అందించింది.

"పైన నువ్వు పెట్టు."

ఆంటీ లేదు ఆ మాటలో. మీరు లేదు.

మరచిపోయిందా? వదిలేసిందా? లేక... చెయ్యి అందక, పొడుగ్గా ఉన్న మనిషిని అడిగిందా? అనురాధ నక్షత్రం అందుకుంది.

మడమలెత్తి చెయ్యి చాచింది. కొమ్మ చివర లేతగా ఉంది. నక్షత్రం బరువుకే వంగుతోంది. పెడితే జారుతోంది. మళ్లీ పెట్టింది...

కింద ఆ పిల్ల, చెట్టు కదలకుండా, బకెట్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంది.